ఎర్రగడ్డ అంటే నవ్వెందుకు?

అక్కలారా, ఎర్రగడ్డ పేరు మీరు సినిమాల్లో వినే ఉంటారు. ఒకడు తిక్కగా మాట్లాడతాడు. వీణ్ణి ఎర్రగడ్డకు తీసుకుపొమ్మని పక్కవాడు అంటాడు. హాలంతా నవ్వుతుంది.

ఎర్రగడ్డ హైదరాబాదులో ఒక పేట. అక్కడ రైతుబజారు ఉంది. ఛాతీ ఆసుపత్రి ఉంది. మనసు జబ్బులకు సర్కారు దవాఖాన ఉంది. సినిమావాళ్ళ ఫిల్మ్‌నగర్ అక్కడికి ఎంతో దూరం లేదు. అయినా తెర మీద చూపించేది చింపిరి జుట్టు, పిచ్చి చూపులే. మందు మింగి నయమై ఇంటికి పోయేవాళ్ళను ఎప్పుడైనా చూపించారా?

నవ్వితే ఏం పోతుంది అంటారా? ఒక ఇల్లు అనుకోండి. బాలింతకు నిద్ర పట్టదు. ఊరికే ఏడుస్తుంది. బిడ్డను ఎత్తుకోదు. కాన్పు తరువాత కొందరికి ఈ జబ్బు వస్తుంది. వైద్యం చేయిస్తే తగ్గుతుంది. కాని అత్త ఏమంటుంది? "ఎర్రగడ్డకు పోయిందని తెలిస్తే నా బిడ్డకు పెళ్ళవుతుందా?" అంటుంది. తాయెత్తు కట్టిస్తుంది. జబ్బు ముదురుతుంది. భర్తకు జబ్బు వస్తే భార్య సాకుతుంది. భార్యకు వస్తే చాలామంది పుట్టింట్లో దింపి వస్తారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. జబ్బును బట్టి మనిషిని తక్కువగా చూడడమే వివక్ష.

పేపర్లు మంచి కూడా చేశాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుంది. అందులో మనసు జబ్బు ఉన్నవాళ్ళను గొలుసులతో కట్టి ఉంచారు. పారిపోలేక 25 మందికి పైగా చనిపోయారు. పేపర్లలో ఆ వార్త చూసి సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఇట్లాంటి చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడమని ప్రభుత్వాలను ఆదేశించింది.

2017లో కొత్త చట్టం వచ్చింది. రోగికి గొలుసులు వేయరాదు. సినిమాలో మాదిరి మత్తు ఇవ్వకుండా కరెంటు పెట్టరాదు. రోగి ఒప్పుకోనిదే ఫోటో పేపరుకు, టీవీకి ఇవ్వరాదు. తల్లి దవాఖానలో ఉంటే, మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా ఆమె నుంచి వేరు చేయరాదు. ఈ మాట ఎంతమంది అత్తలకు తెలుసు?

2022 నుంచి 14416 అనే ఫోన్ నంబరు ఉంది. పగలైనా రాత్రైనా చేయవచ్చు. పైసా ఖర్చు లేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు. పలక మీద ఆ నంబరు ఒకసారి రాయండి.

మాట్లాడుకుందాం:
మీ వాడలో ఎవరినైనా "పిచ్చిది" అని పిలుస్తారా? ఆమె అసలు పేరేమిటి?