హృదయ వైద్యానికి గురుస్థానం – డాక్టర్ పద్మావతి

1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినపుడు వేలాది భారతీయ కుటుంబాలు స్వదేశానికి తరలివచ్చాయి. వారిలో తెలుగువారూ అనేకులు. రంగూన్ వైద్య కళాశాల పట్టభద్రురాలైన శివరామకృష్ణ అయ్యర్ పద్మావతి తల్లితో, సోదరీమణులతో కోయంబత్తూరు చేరారు. ఇంటి మగవారిని తిరిగి కలుసుకొనడానికి యుద్ధం ముగిసేవరకు వేచి ఉండవలసి వచ్చింది. ఇట్లు ప్రవాసంలో పుట్టి, కాందిశీకురాలై వచ్చిన ఆమెయే భారతదేశపు తొలి మహిళా హృద్రోగ నిపుణురాలు.

1949లో ఆమె ఉన్నత విద్యకై లండన్ వెళ్ళారు. అనంతరం స్వీడన్‌లోను, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో హెలెన్ టాసిగ్ వద్ద, హార్వర్డ్‌లో పాల్ డడ్లీ వైట్ వద్ద శిక్షణ పొందారు. 1953లో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో అధ్యాపకురాలిగా చేరి, మరుసటి సంవత్సరమే అక్కడ గుండె జబ్బుల క్లినిక్‌ను, క్యాథటర్ ప్రయోగశాలను నెలకొల్పారు. సన్నని గొట్టాన్ని సిరగుండా గుండెలోనికి పంపి, దాని గదులలోని పీడనాన్ని, రక్తంలోని ప్రాణవాయువును కొలవడం ఈ విధానం. అంతవరకు స్టెతస్కోపుతో విని ఊహించిన దానిని అంకెలలో నిర్ధారించే వీలు దీనివలన కలిగింది.

అది స్త్రీల, శిశువుల ఆసుపత్రి. అక్కడ రెండు వ్యాధులు ప్రత్యేకంగా ఆమె దృష్టిని ఆకర్షించాయి.

మొదటిది రుమాటిక్ హృద్రోగం. స్ట్రెప్టోకాకస్ క్రిములవలన పిల్లలకు గొంతునొప్పి వస్తుంది. వాటిపై పోరాడే రక్షణశక్తి కొందరిలో పొరపాటున గుండె కవాటాలనే గాయపరుస్తుంది. క్రమేణా మైట్రల్ కవాటం ఇరుకై, రక్తం ఊపిరితిత్తులలో నిలిచి ఆయాసం కలుగుతుంది. గర్భిణులలో రక్త పరిమాణం పెరుగుతుంది గనుక, అంతవరకు బయటపడని జబ్బు అప్పుడు ప్రాణాంతకం కావచ్చు. సకాలంలో ఇచ్చే పెన్సిలిన్ దీనిని చాలవరకు నివారిస్తుంది.

రెండవది ఊపిరితిత్తుల వ్యాధివలన గుండె కుడిభాగం దెబ్బతినడం. పొగత్రాగే అలవాటు లేని స్త్రీలకు కూడా ఇది రావడం గమనార్హం. పిడకలు, కట్టెలు మండే వంటింటి పొగయే ఇందుకు ప్రధాన కారణమని అనుమానించారు. పొగవలన ఊపిరితిత్తులు చెడి, ప్రాణవాయువు తగ్గినపుడు అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటాయి. వాటిలోనికి రక్తాన్ని నెట్టలేక కుడి జఠరిక అలసి ఉబ్బుతుంది. కాళ్ళకు నీరు పడుతుంది. ఈ విషయమై పద్మావతి, ఆమె సహచరుల పరిశోధన 1959లో అమెరికా హృద్రోగ పత్రికలో వెలువడింది.

వైద్యుడు చికిత్స చేసేది ఒక్కొక్క రోగికే. సంస్థ చేసేది తరతరాలకు. ఈ ఎరుకతోనే ఆమె 1962లో అఖిల భారత హృదయ ఫౌండేషన్‌ను స్థాపించారు. 1967లో మౌలానా ఆజాద్ వైద్య కళాశాలకు అధిపతియై, అనుబంధమైన జి.బి.పంత్ ఆసుపత్రిలో హృద్రోగ విభాగాన్ని తీర్చిదిద్దారు. పదవీ విరమణానంతరం కూడా విశ్రమించక, 1981లో జాతీయ హృదయ సంస్థను ప్రారంభించారు. 1967లో పద్మభూషణ్, 1992లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. 2020 ఆగస్టు 29న, 103 ఏళ్ళ వయసులో, కోవిడ్ సోకి, తాను నెలకొల్పిన ఆ సంస్థలోనే కన్నుమూశారు.

పిల్లల గొంతునొప్పిని తేలికగా తీసుకొనరాదు. వైద్యుడు సూచించిన మందును జ్వరం తగ్గగానే మానరాదు. స్వగ్రామంలోని పెద్దల వంటింటిలో పొగ లేకుండా చూడాలి. ఆమె జీవితం నుండి ప్రతి కుటుంబమూ గ్రహించదగిన పాఠాలివి.