రొయ్యపిల్లల తొట్టికి గుమ్మరింపు పీపా

నెల్లూరు తీరమున వనామీ సాగుచేయు రైతులలో కొందరు హేచరీనుండి తెచ్చిన పిల్లలను నేరుగా చెరువులో విడువక, కొన్నాళ్లు సిమెంటు తొట్లలో పెంచుచున్నారు. ఈ తొట్లలో తరచుగా కనిపించు లోపమొకటి గలదు. నీరు ఒకే గొట్టమునుండి ఒకే తీరుగా పడుటచే ఒకే దారి పట్టి పోవును. మూలల నీరు కదలదు. మిగిలిన మేత, మలము అచ్చట చేరి కుళ్లును. ఆ కుళ్లు ప్రాణవాయువును హరించును. అసలే 30 డిగ్రీల వేడిమిలో మంచినీరు లీటరుకు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగా, సముద్రపు నీరు 6 మిల్లీగ్రాములకు కొంచెము పైన మాత్రమే ఇముడ్చుకొనును. తెల్లవారుజామున అదియును తగ్గును. పిల్లలు ఎక్కువగా నష్టమగునది ఆ వేళనే.

ఎడతెగని సన్నధారకంటె అప్పుడప్పుడు ఒక్క ఉరవడిగా పడు నీరు మూలలను బాగుగా కదలించును. కాలువ గట్టుపై వంపు గొట్టము వేసి నీటిని మడిలోనికి దింపు సైఫను సూత్రముతోనే దీనిని సాధింపవచ్చును. అద్దపు తొట్లలో సముద్రజీవులను పెంచు పట్టణవాసులకును ఈ కిటుకు తెలియును.

200 లీటర్ల ప్లాస్టిక్ పీపా నొకదానిని తీసికొనుడు. పురుగుమందు పోసిన పీపా ఎంత కడిగినను పనికిరాదు. రొయ్య పురుగులకు దగ్గర చుట్టము. వాటిని చంపు మందు దీనినీ చంపును. రాగి, ఇత్తడి కుళాయిలు కూడ వలదు.

పీపాను తొట్టి అంచుకంటె రెండడుగుల ఎత్తున దిమ్మెపై నిలుపవలెను. అడుగునకు నాలుగంగుళముల పైన ప్రక్కగా రంధ్రము చేసి, అంగుళపు పి.వి.సి. గొట్టమును రబ్బరు వాషరుతో బిగింపవలెను. దానిని పీపా వెలుపలనే పైకి లేపి, పీపా అంచునకు జానెడు దిగువన వంచి, తొట్టివైపు దింపవలెను. దిగు కాలు లేచిన కాలుకంటె పొడవుగా ఉండనిదే పని జరుగదు. గొట్టపు కొన తొట్టి నీటిలో మునుగరాదు. మునిగినచో లోని గాలి వెడలక ధార అందుకొనుట కష్టము. ఉరవడి పిల్లలపై నేరుగా పడకుండ క్రింద ఒక పలక నుంచుడు.

కుళాయినుండి నిమిషమునకు 10 లీటర్ల చొప్పున వదలినచో, సుమారు 150 లీటర్లు చేరుటకు పావుగంట పట్టును. నీరు వంపును దాటగానే గొట్టము నిండి, సుమారు మూడు నిమిషములలో పీపా దిగిపోవును. రంధ్రమువరకు దిగగానే గాలి చొరబడి ధార తెగును. మరల నిండుట మొదలగును.

మొదటి దినమున ఇది మొండికేయుట కలదు. నీరు వంపుపై సన్నగా కారిపోవుచు గొట్టము నిండనిచో, కుళాయిని కొంచెము తెరువుడు. ధార ఎన్నటికిని తెగనిచో, వచ్చు నీరు పోవు నీటితో సమమైనదని గ్రహించి కొంచెము కట్టుడు. కుదిరిన చోట కుళాయిపై గీత పెట్టుకొనుడు. ఉరవడులు త్వరత్వరగా కావలెనన్న కుళాయిని ముట్టక వంపునే దింపుట మేలు: ఆరంగుళములు దింపినచో సుమారు 40 లీటర్లు తగ్గి, పదకొండు నిమిషములకే పీపా దిగును.

క్రీకు నీటిని నేరుగా వాడరాదు. 1994-95లో తెల్లమచ్చ తెగులు ఈ తీరమున చేసిన నష్టము పెద్దలకు జ్ఞాపకమే. తొట్టినుండి పొర్లిన నీటినే వడగట్టి, గుంటలో చేర్చి, మోటారుతో పై ట్యాంకునకు ఎక్కింపవలెను. ట్యాంకులో వెయ్యి లీటర్లున్నచో కరెంటు పోయినను పీపా 100 నిమిషములు నడచును. గుంటలో అంత నీటికి చోటుండవలెను. అయినను ఇది గాలి పంపునకు బదులు కాదు. బ్యాటరీ పంపును సిద్ధముగా నుంచుకొని, గొట్టపు నోటికి కట్టిన వలగుడ్డను ప్రతి ఉదయము కడుగుడు.