ఆఫీస్ కంప్యూటర్లలో ఏ ఫైల్‌ని ఎవరు మార్చారు? విండోస్‌లోనే ఉన్న ఫ్రీ సెట్టింగ్స్‌తో కనుక్కోండిలా

సీసీ కెమెరా లేని షాపు ఇప్పుడు కనిపించదు. కానీ అదే షాపులో కంప్యూటర్ ఫైల్‌ని ఎవరు తెరిచారు, ఎవరు మార్చారు అంటే చాలామంది దగ్గర సమాధానం ఉండదు. విండోస్ 10, 11 ప్రో ఎడిషన్లలో దీనికి సెట్టింగ్ ఉంది. కాకపోతే మనమే ఆన్ చేసుకోవాలి.

ఎందుకు అవసరం?

పూతలపట్టు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అనుకుందాం. వేబ్రిడ్జి దగ్గర ఒక కంప్యూటర్, అకౌంట్స్‌లో ఒకటి, మేనేజర్ రూమ్‌లో ఒకటి, మూడూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. 2025 సీజన్‌లో తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ప్రకటించారు. ఆ లెక్కన రికార్డులో 300 కిలోలు తగ్గితే రైతుకి 3,600 రూపాయలు పోయినట్టే. తప్పు ఎవరిదో తేలకపోతే కాటా దగ్గర కూర్చునే కుర్రాడి మీదకే వస్తుంది. లాగ్ ఉంటే రైతుకీ, ఆ కుర్రాడికీ ఇద్దరికీ రక్షణ.

రెండో కారణం రాన్సమ్‌వేర్. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు చిత్తూరు సహా ఏపీలోని పలు జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే విండోస్ అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చింది. కాబట్టి అప్‌డేట్లు, బ్యాకప్ ముందు, మానిటరింగ్ ఆ తర్వాత.

స్టెప్ 1: ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్

అందరూ 'అడ్మిన్' పేరుతోనే లాగిన్ అవుతుంటే లాగ్‌లో కూడా 'అడ్మిన్' అనే ఉంటుంది. ముందు ప్రతి ఒక్కరికీ వేరే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టండి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి 'సింక్ నౌ' నొక్కండి. మూడు కంప్యూటర్లలో మూడు టైములు ఉంటే లాగ్‌లు కలిపి చూడలేం.

స్టెప్ 2: ఆడిట్ ఆన్ చేయడం

ఫైల్ ఏ కంప్యూటర్లో సేవ్ అయి ఉందో ఆ కంప్యూటర్లోనే ఇది చేయాలి. స్టార్ట్ మెనూలో 'లోకల్ సెక్యూరిటీ పాలసీ' అని వెతికి తెరవండి (హోమ్ ఎడిషన్‌లో ఇది ఉండదు). అడ్వాన్స్‌డ్ ఆడిట్ పాలసీ కాన్ఫిగరేషన్‌లో ఆబ్జెక్ట్ యాక్సెస్, అందులో 'ఆడిట్ ఫైల్ సిస్టమ్' తెరిచి సక్సెస్, ఫెయిల్యూర్ రెండూ టిక్ చేయండి.

స్టెప్ 3: ఫోల్డర్‌ని ఎంచుకోవడం

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, ఆడిటింగ్ వరుసగా తెరవండి. 'యాడ్' నొక్కి ప్రిన్సిపల్‌గా 'ఎవ్రీవన్' ఇవ్వండి. అడ్వాన్స్‌డ్ పర్మిషన్స్‌లో రైట్ డేటా, డిలీట్, చేంజ్ పర్మిషన్స్ మాత్రం టిక్ చేయండి. రీడ్ కూడా టిక్ చేస్తే వేల ఎంట్రీలు పడి అసలు విషయం కనబడదు.

ఇక్కడో ముఖ్యమైన సంగతి. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ డేటాబేస్ ఫైల్ రోజంతా మారుతూనే ఉంటుంది. లాగ్‌లో ఫైల్ మారిందని వస్తుంది కానీ ఏ బండి బరువు మారిందో రాదు. అందుకే సాయంత్రం ఆ రోజు రిపోర్ట్‌ని పీడీఎఫ్‌గా వేరే ఫోల్డర్‌లో సేవ్ చేసి, దాని మీద నిఘా పెట్టండి. సేవ్ చేశాక ఆ ఫైల్‌ని ఎవరైనా మార్చారంటే అడగాల్సిందే.

స్టెప్ 4: లాగ్ చెరిగిపోకుండా

సెక్యూరిటీ లాగ్ సైజు మామూలుగా 20 ఎంబీనే. నిండాక పాతవి పోతాయి. ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్‌లో సైజు పెంచి, నిండితే ఆర్కైవ్ చేసే ఆప్షన్ ఎంచుకోండి. ఆ ఆర్కైవ్‌లు డిస్క్‌ని నింపేయకుండా వారానికోసారి వేరే డ్రైవ్‌లోకి మార్చండి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగ్‌లని 180 రోజులు ఉంచాలి.

ఏ నంబర్లు చూడాలి?

- 4663: ఫైల్‌ని రాయడానికో, డిలీట్ చేయడానికో వాడారు. యూజర్ పేరు, ఫైల్ పేరు ఇందులోనే ఉంటాయి.
- 4625: లాగిన్ ఫెయిల్. రాత్రిపూట వరుసగా వస్తే అనుమానించాలి.
- 4624, లాగిన్ టైప్ 3: వేరే కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీద వచ్చారు. 4663లోని లాగాన్ ఐడీతో పోలిస్తే ఐపీ అడ్రస్ దొరుకుతుంది.
- 1102: సెక్యూరిటీ లాగ్‌నే ఎవరో క్లియర్ చేశారు. అన్నిటికన్నా సీరియస్ ఇదే.

కొన్ని నిమిషాల్లోనే వందల ఫైళ్లకి 4663 వస్తుంటే అది రాన్సమ్‌వేర్ కావచ్చు. వెంటనే నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి, వైఫై ఆఫ్ చేయండి.

కంప్యూటర్లు ఎక్కువుంటే?

ఐదారు దాటితే ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి చూడటం కుదరదు. వాజూ అనే ఫ్రీ ఓపెన్‌సోర్స్ టూల్ వాడొచ్చు. దానికి ఒక లినక్స్ సర్వర్ కావాలి, 25 కంప్యూటర్ల వరకు 8 జీబీ ర్యామ్ చాలు. ప్రతి కంప్యూటర్లో ఏజెంట్ ఇన్‌స్టాల్ చేయాలి, ఫైర్‌వాల్‌లో సర్వర్ వైపు 1514, 1515 పోర్టులు తెరవాలి. ఫైళ్లని అది మామూలుగా 12 గంటలకోసారే చెక్ చేస్తుంది, కాబట్టి ముఖ్యమైన ఫోల్డర్లకి 'రియల్‌టైమ్' ఆప్షన్ పెట్టడం మర్చిపోవద్దు. లాగ్ కాపీ సర్వర్లో ఉంటుంది కాబట్టి ఇక్కడ క్లియర్ చేసినా అక్కడ మిగులుతుంది.

అన్నీ అయ్యాక ఒక డమ్మీ ఫైల్ పెట్టి, పక్క కంప్యూటర్ నుంచి డిలీట్ చేసి చూడండి. 4663లో సరైన పేరు కనిపిస్తే సెట్టింగ్ పనిచేస్తున్నట్టే. నిఘా పెట్టిన విషయం స్టాఫ్‌కి ముందే చెప్పండి. చూస్తున్నారని తెలిస్తే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.