మోటార్ ఎందుకు కాలిందో కనిపెట్టినవాణ్ని ఏ కోర్సులో చేర్పించాలి?

గోదావరికి అవతల భద్రాచలం, ఇవతల సారపాక. ఈ ఇవతలి ఒడ్డున, అడవి అంచు ఊళ్లో ఉండే ఒక వడ్రంగి కొడుకు గురించి మాట్లాడాలని కబురు పెడితే వెళ్లాను. పిల్లవాడు పది పాసయ్యాడు. తండ్రి నన్ను కూర్చోనివ్వకముందే మొదలుపెట్టాడు. "సార్, వీణ్ని ఖమ్మంల ఎంపీసీల ఎయ్యాలె. వీడేమో పొద్దస్తమానం ఆ మోటర్ ఇప్పుకుంట కూసుంటడు. ఇట్లయితె మా లెక్కనే రంద పట్టుకోవాలె."

మోటార్ చూపించమన్నాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో రంద మిషన్, దానికి ఒకటిన్నర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటార్. ఇరవై నిమిషాలు నడిస్తే చాలు, వార్నిష్ కాలిన వాసన. ఏడాదిలో రెండుసార్లు వైండింగ్ చేయించారట. రెండుసార్లూ మెకానిక్ డబ్బు తీసుకుని కొత్త తీగ చుట్టిచ్చాడు తప్ప, అసలు ఎందుకు కాలిందని ఒక్క ప్రశ్న వేయలేదు.

ఆ ప్రశ్న వేసింది ఈ పదహారేళ్లవాడు. ముందు వెనక మూత విప్పాడు. ఫ్యాను జాలీ నిండా రంపంపొట్టు గట్టిగా పేరుకుని ఉంది. పాత టూత్‌బ్రష్‌తో గీకి తీశాడు. వేడి కొంచెం తగ్గింది కానీ పోలేదు. తర్వాత బెల్టు తీసేసి ఉత్త మోటార్‌ను తిప్పాడు. అరగంట నడిచినా చెయ్యి పెట్టగలిగేంత వేడే. అంటే రోగం వైండింగ్‌లో లేదు. లోపల చుట్లు ఒకదానికొకటి తగులుతున్నా, సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఇరుక్కుని స్టార్టింగ్ వైండింగ్ తెగకుండా ఉండిపోయినా, లోడు లేకుండా కూడా మోటార్ కాగిపోవాలి. ఇక మిగిలింది బయటి సంగతి. బ్లేడ్లు సానపట్టించాడు, బెల్టు బిగువు చూశాడు, మిషన్ బేరింగులు చేత్తో తిప్పి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

అప్పుడు ఎవరి దగ్గరో క్లాంప్ మీటర్ అడిగి తెచ్చాడు. మోటార్ ప్లేటు మీద 9 ఆంపియర్లని ఉంది, చెక్క తోస్తుంటే మీటర్‌లో 11 కనపడింది. వోల్టేజీ చూస్తే బోర్డు దగ్గర 212, మోటార్ దగ్గర 195. మధ్యలో ఉన్నది ముప్ఫై మీటర్ల సన్నవైరు, టేబుల్ ఫ్యానుకు వాడే రకం, దానికి రెండు అతుకులు. పదిహేడు వోల్టులు ఆ దారిలోనే పోతున్నాయి. వోల్టేజీ తగ్గితే అదే పని చేయడానికి మోటార్ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 9 కాస్తా 11 అయితే వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు. పక్కింటి బోరు కేబుల్ తెచ్చి కలిపితే మోటార్ సగం పూట నిక్షేపంగా నడిచింది.

ఇదంతా నాకు చెబుతూనే వాడు ప్లగ్గు పీకి కెపాసిటర్ వైర్లు చేత్తో పట్టుకోబోయాడు. గబుక్కున చెయ్యి లాగాను. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉంటుందని వాడికి తెలియదు. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ అనే మాటే వినలేదు. ఇన్సులేషన్‌కు క్లాస్ బి అయితే 130 డిగ్రీలు, క్లాస్ ఎఫ్ అయితే 155 డిగ్రీలు హద్దు అని, కాబట్టి పైన చెయ్యి పెట్టలేనంత మాత్రాన మోటార్ చెడినట్టు కాదని కూడా తెలియదు. వాడికి కావలసిన చదువు ఏమిటో ఆ షెడ్డులోనే తేలిపోయింది. తండ్రికి మాత్రం తేలలేదు. "ఐటీఐ అంటె ఫెయిలైనోళ్లు పోయేది కద సార్?"

ఈ మాట విని విని నాకు విసుగొచ్చింది. పదిలో మంచి మార్కులొస్తే ఎంపీసీ, ఆ తర్వాత ఎప్‌సెట్, ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్, దానికి ఏఐ అని తోక ఉంటే మరీ మంచిది. ఖమ్మంలో రెసిడెన్షియల్ కాలేజీల బోర్డులు చూసి అడ్వాన్సులు కట్టేస్తారు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలను వెళ్లనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. చేతితో పట్టుకుంటే గానీ దేన్నీ నమ్మని పిల్లవాణ్ని మాత్రం తెల్లవారుజామున లేపి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లో కూర్చోబెట్టి, రెండేళ్లకు లక్షలు పోసి, చివరికి ఏదో కాలేజీలో ఏదో సీటు. ఆ నాలుగేళ్లూ వాడు తెచ్చే బ్యాక్‌లాగులకు వాణ్నే తిడతారు.

నా సలహా సూటిగా చెబుతాను. పది పాసై, పద్నాలుగేళ్లు నిండితే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేరవచ్చు, రెండేళ్లు. నా ఓటు ప్రభుత్వ ఐటీఐకే. అది అయ్యాక ఏదైనా పెద్ద ప్లాంటులో అప్రెంటిస్‌షిప్ తప్పకుండా చేయాలి. చదువు మీద మళ్లీ మనసైతే ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి, అక్కణ్నుంచి ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లే దారి ఉంది. మార్కులు బాగున్నవాళ్లు పాలిసెట్ రాసి నేరుగా డిప్లొమా ట్రిపుల్ ఈలో చేరినా మంచిదే.

పని ఎక్కడుందని అడుగుతారు. మన చుట్టూ చూడండి. పాల్వంచలో కేటీపీఎస్, మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్, అశ్వాపురంలో భారజల కర్మాగారం, సారపాకలో కాగితం మిల్లు, కొత్తగూడెం కేంద్రంగా సింగరేణి, ఖమ్మంలో గ్రానైట్ యూనిట్లు. వీటన్నిటిలో పంపులు, ఫ్యాన్లు, కన్వేయర్లు, కోత మిషన్లు తిప్పేది మోటార్లే. దాచకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. ఇలాంటి చోట్ల మొదటి ఉద్యోగం చాలామందికి కాంట్రాక్టరు కిందే దొరుకుతుంది, జీతం తక్కువ, షిఫ్టులు తప్పవు. మొదటి మూడేళ్లు పని నేర్చుకునే కాలం అనుకున్నవాడే నిలుస్తాడు.

ఇక మోసాల సంగతి. చేరితే చాలు, రాకపోయినా సర్టిఫికెట్ ఇప్పిస్తామనే ప్రైవేటు ఐటీఐలు ఉన్నాయి. ఫీజు కట్టేముందు ఒకరోజు పదకొండు గంటలకు చెప్పకుండా వెళ్లండి. వర్క్‌షాప్ తాళం వేసి ఉందా? విప్పి పెట్టిన మోటార్లున్నాయా, గాజు బీరువాలో బొమ్మల్లా పెట్టారా? మెగ్గర్ ఎక్కడుందని పిల్లలను అడగండి. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే వెనక్కి వచ్చేయండి.

రెండోది లైన్‌మన్ ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులు. 2022 జులైలో తెలంగాణ దక్షిణ డిస్కం పెట్టిన జూనియర్ లైన్‌మన్ పరీక్షలో అక్రమాలు బయటపడి, వెయ్యి పోస్టుల నోటిఫికేషన్ మొత్తం రద్దయింది. డబ్బిచ్చినవాళ్లతో పాటు నిజాయితీగా చదివినవాళ్లూ నష్టపోయారు. పైగా ఆ ఉద్యోగానికి స్తంభం ఎక్కి చూపించాలి, దాన్ని ఏ దళారీ మీ బదులు ఎక్కడు. ఆడపిల్లలకు ఈ పని ఎందుకనేవాళ్లకు బబ్బూరి శిరీష పేరు గుర్తుచేస్తాను. సిద్దిపేట జిల్లా అమ్మాయి, హైకోర్టు దాకా వెళ్లి, స్తంభం ఎక్కి చూపించి లైన్‌ఉమన్ అయింది.

మూడోది కోచింగ్. ఎలక్ట్రీషియన్‌కు "క్రాష్ కోర్సు" పేరుతో ఇరవై ముప్ఫై వేలు గుంజేవాళ్లకు ఇవ్వకండి. అందులో పదో వంతుతో మల్టీమీటర్, క్లాంప్ మీటర్ కొనివ్వండి. సెలవుల్లో తెలిసిన వైండింగ్ షాపులో కూర్చోబెట్టండి. 24 గాడుల స్టేటర్ చుట్టడం, తీగ గేజి కొలవడం, రాగి పేరు చెప్పి అల్యూమినియం చుట్టే చోట తేడా పట్టడం అక్కడ వస్తాయి. జీతం అడగొద్దు, ఫీజూ ఇవ్వొద్దు. కాలిన మోటార్ వచ్చిన ప్రతిసారీ "ఎందుకు కాలింది?" అని ఒక నోటుబుక్కులో రాయమనండి. మెకానిక్ కసురుకుంటాడు, కసురుకోనివ్వండి.

నేను లేచేసరికి తండ్రి మెత్తబడ్డాడని చెప్పలేను. ఖమ్మంలో అడ్వాన్సు కట్టేశాడట, తిరిగిస్తారా అని అడిగాడు. రసీదు పట్టుకుని వెళ్లి అడగమన్నాను. ఆలోచిస్తానన్నాడు. చెప్పులు వేసుకుంటుంటే వెనక షెడ్డులోంచి మాటలు వినపడ్డాయి.

"పక్కింటోళ్ల కేబుల్ రేపు ఇచ్చెయ్యాలె. మనకెంతది కొనాలె రా?"

"రెండున్నర ఎస్‌క్యూఎంది నాన్నా. ముప్ఫై మీటర్లు. అతుకు ఉండొద్దు."

"రాసియ్యి. పొద్దున్నే భద్రాచలం పోతా."