పాత కారు కొందామా?

మాచర్ల దగ్గర ఎత్తిపోతల ఉంది. చంద్రవంక అక్కడ కొండ మీద నుంచి కిందికి దూకుతుంది. సుమారు 70 అడుగుల ఎత్తు. ఆ నీళ్లు పోయి కృష్ణలో కలుస్తాయి. జలపాతం చూడటానికి జనం వస్తుంటారు.

ఆ దగ్గర్లో ఒక కుటుంబం ఉందనుకోండి. ఆమె టీ కొట్టు నడుపుతుంది. ఆయన మిర్చి చేను చూసుకుంటాడు. కూతురు తొమ్మిదో తరగతి. ముసలి అత్తకు ఆయాసం. రాత్రిపూట ఆయాసం వస్తే మాచర్ల పోవాలి. ఆ వేళ ఆటో దొరకదు.

"పాత కారు ఒకటి చూశానే. లక్షా నలభై వేలంట. మన దగ్గర లక్షా యాభై ఉందిగా!" అన్నాడు ఆయన.

అందులో 50 వేలు డ్వాక్రా అప్పు. నెలనెలా కట్టాలి.

"కారు కొంటే అయిపోతుందా? పేరు మార్చాలి. బీమా కట్టాలి. టైర్లు అరిగితే మార్చాలి. 30 వేలు పక్కన పెట్టు. లక్షా ఇరవైకి మించి వద్దు" అంది ఆమె.

ఆమె లెక్క సరైందే. పాత బండికి కొన్న నెలలోనే ఏదో ఒక ఖర్చు వస్తుంది. ఉన్నదంతా పోసి కొంటే ఆ ఖర్చుకు మళ్లీ వడ్డీకి తేవాలి.

కారు అమ్మే ఆయనది సాగర్ అవతల, నల్గొండ వైపు. పొద్దున్నే వెళ్లారు. మాచర్ల నుంచి తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లారు. ఆయనకు 500 రూపాయలు ఇచ్చారు. ఈ 500 దగ్గర పిసినారితనం చేయకండి.

మెకానిక్ ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. వేడిగా ఉంటే మనం రాకముందే బండి తిప్పారన్నమాట. చల్లటి ఇంజను ఒక్కసారికే స్టార్ట్ అయితే మంచిది. తర్వాత పొగ చూశాడు. నీలం రంగు పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోందని అర్థం. అది పెద్ద ఖర్చు. నల్లటి పొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోందని అర్థం. టైరు ఒక పక్కే అరిగితే చక్రాల అమరిక తప్పింది. లేదా బండి ఎక్కడో గుద్దుకుంది.

సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చూశాడు. ఎందుకో తెలుసా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన కారును కడిగి మెరిపించవచ్చు. కానీ బెల్టు చివర బురద మరక మిగులుతుంది. కాలి కింద పరుపు ఎత్తితే తుప్పు, వాసన తెలుస్తాయి.

ఈ కారుకు అట్టాంటివి లేవు. బండి బాగుంది.

"ఇంకేం, డబ్బులిచ్చి తోలుకుపోండి. కాగితాలు నిదానంగా మార్చుకోవచ్చు" అన్నాడు అమ్మే ఆయన.

"ఆర్‌సీ కార్డు ఇవ్వన్నా, చూస్తాను" అంది ఆమె.

కార్డు ఇంగ్లీషులో ఉంది. అంకెలు మాత్రం ఆమెకు వచ్చు. కార్డు మీది చాసిస్ నంబరునూ బండి మీద కొట్టిన నంబరునూ వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివింది. రెండూ ఒకటే. బండి రిజిస్టరైన ఏడు 2013. సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. అంటే 2028 దాకా. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి రెన్యువల్ చేయించాలి. కారు రెన్యువల్ ఫీజు 600 ఉండేది. 2022 ఏప్రిల్‌లో దాన్ని 5,000 చేశారు. అందుకే 14 ఏళ్ల కారు చవగ్గా వస్తుంది.

కార్డు వెనక పక్క ఒక పేరు కనపడింది. కూతురిని చదవమంది.

"ఇది ఫైనాన్సు కంపెనీ పేరమ్మా" అంది పిల్ల.

అంటే బండి మీద అప్పు ఉంది. లేదా అప్పు తీరినా కాగితంలో కొట్టేయలేదు. అప్పు తీరిందని కంపెనీ లెటరు ఇవ్వాలి. ఫారం 35 మీద సంతకం చేయాలి. అది లేకుండా కొంటే ఒకరోజు కంపెనీ వాళ్లొచ్చి బండి తోలుకుపోతారు. మనం ఇచ్చిన డబ్బు గోడకు కొట్టిన సున్నం.

ఇంకో మెలిక ఉంది. నంబరు ఏపీ 24. ఏపీ అని ఉంది కదా, మన రాష్ట్రపు బండే అనుకుంటాం. కాదు. ఏపీ 24 నల్గొండ జిల్లా నంబరు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. నల్గొండ తెలంగాణలో ఉంది. అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తేవాలి. ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి. ఇక్కడి పన్ను కట్టాలి. సాగర్ డ్యామ్ దాటితే చాలు, ఇంత ఖర్చు!

"పేరు మార్పు తర్వాత ఎందుకమ్మా కుదరదు?" అన్నాడు అమ్మే ఆయన.

ఆమె జవాబు చెప్పేలోగా మెకానిక్ అన్నాడు. "నీకే నష్టం అన్నా. కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కారు చేతులు మారింది గానీ పేరు మారలేదు. యాక్సిడెంటు పరిహారం పాత యజమాని మీదే పడింది."

ఆయన కాసేపు మాట్లాడలేదు. అప్పు తీరిందనీ, లెటరు తెచ్చుకోలేదనీ అప్పుడు చెప్పాడు. బయానా అడిగాడు. లెటరు, ఎన్‌వోసీ చూశాకే ఇస్తామంది ఆమె.

పదో రోజు ఫోను చేశాడు. రెండూ తెచ్చానన్నాడు. పన్ను, టైర్ల ఖర్చు చెప్పి బేరం చేశారు. లక్షా పద్దెనిమిదికి తెగింది. బీమా కూడా 14 రోజుల్లోపు తమ పేరుకు మార్చుకున్నారు.

"కార్తీకమాసంలో టూరిస్టులను తిప్పితే నాలుగు డబ్బులొస్తాయే" అన్నాడు ఆయన.

"తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పకూడదయ్యా. కిరాయికైతే పసుపు బోర్డు ఉండాలి. రేపు ఏదన్నా జరిగితే బీమా వాళ్లు డబ్బు ఇవ్వమంటారు" అంది ఆమె. ఆయన గొణుక్కున్నాడు గానీ ఊరుకున్నాడు.

చదవండి: ఆర్‌సీ, చాసిస్, ఎన్‌వోసీ, బీమా, బయానా.

చేయండి: మీ ఇంట్లో బండి ఉంటే ఆర్‌సీ కార్డు తీయండి. బండి నంబరు, రిజిస్టరైన తేదీ మీ నోటు పుస్తకంలో రాయండి. కార్డు మీద ఎవరి పేరు ఉందో చూడండి.