వీధి యను పేరు

వరంగల్లు నగరమున మట్టెవాడ యని యొక పాతపేట కలదు. ఒకనాటి సాయంకాల మచ్చటి వీధులలో నడచిచూడుడు. బేరములు, పరాచికములు చెవిని బడును. ఇట్టి ఓరుగంటి వీధులే రంగస్థలముగా సుమా రారువందల యేండ్లకు బూర్వము తెలుగున నొక హాస్యరూపకము పుట్టినది. అదియే వినుకొండ వల్లభరాయని ‘క్రీడాభిరామము’. (దీనిని శ్రీనాథుడే రచించెనని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. ఆ వివాదముతో నిచట మనకు బనిలేదు.) రావిపాటి త్రిపురాంతకుని ‘ప్రేమాభిరామ’ మను సంస్కృతరూపకము దీనికి మూలము. అది నేడు లభింపదు. తెలుగు గ్రంథమును మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో వెలుగులోనికి దెచ్చిరి.

ఇందు మంచనశర్మ యను బ్రాహ్మణుడును, అతని చెలికాడు టిట్టిభసెట్టియు ఓరుగల్లెల్ల దిరుగుదురు. ఒకచోట కోడిపందెము, ఒకచోట పొట్టేళ్ల పోరు, మఱియొకచోట పల్నాటివీరుల కథ పాడు స్త్రీ. ఆకలియైనచో పూటకూళ్ల యిల్లున్నది. ఒక్క రూకకు పిండివంటలతో భోజనము! కనబడిన ప్రతి వింతకును ఒక చమత్కారపద్యము సిద్ధము.

ఇట్టి రూపకమునకు ‘వీధి’ యని పేరు. ఏల? వీధులలో దిరుగు కథ గనుక, అని మీరు వెంటనే చెప్పుదురు. అట్లు తోచుట సహజమే. కాని యా పేరు ఓరుగంటి కోటకంటె బాతది. భరతుడు నాట్యశాస్త్రమున జెప్పిన పది రూపకములలో వీధి యొకటి. దశరూపకమునకు వ్యాఖ్య వ్రాసిన ధనికుడు, ఇది వీధివలె నుండును గనుక వీధి యనెను. వీధి యనగా మార్గము, లేక వరుస. తెరువున కిరుప్రక్కల నిండ్లు బారులు తీరినట్లు, ఇందు పదుమూడు అంగములు వరుసగా నుండును. అంకమొక్కటే, పాత్రలొకరో యిద్దఱో.

ఆ యంగములలో బెక్కు మాటల నేర్పులే. ‘వాక్కేళి’ యన బ్రశ్నోత్తరముల యాట. ‘నాలిక’ యన నవ్వు పుట్టించు గూఢపుమాట. ‘ప్రపంచము’ మఱియు వింతయైనది: ఇరువురు లేని గుణములతో నొకరినొకరు పొగడుకొని నవ్వించుట. (ఈ యంగమునకు మన తరగతిలోను కొఱత లేదు.)

ఊరి నడుమ నాడు వీధినాటకము వేఱు. అచట వీధి ప్రదర్శనస్థలము. ఇచట అంగముల వరుస. వల్లభరాయడు మాత్రము రెండర్థములను గలిపివైచెను. శాస్త్రమునందలి వీధిని దెచ్చి నిజమైన ఓరుగంటి వీధులలో నడపించెను. మంచనశర్మ యొక మలుపు తిరిగిన, ఒక క్రొత్త పద్యము వరుసలో జేరును.