అందరును రక్షింపబడుదురా?

పఠన భాగములు: లూకా 13:22–30, 1 తిమోతి 2:1–6, మత్తయి 25:31–46



గత వర్షాకాలమున పాల్మాకులలో ప్రార్థన కూటము ముగిసిన పిమ్మట ఒక అవ్వ గడప యొద్దనే నిలిచి మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, మా ఇంటాయన బాప్తిస్మం తీసుకోకుండనే పాయె. నన్నైతే ఒక్క ఆదివారం గూడ చర్చికి పోవద్దనలే. గాయన ఇప్పుడు యాడున్నడు?"

మేము వెంటనే లూకా 16వ అధ్యాయము తెరచి, ధనవంతునికిని లాజరునకును నడుమనున్న అగాధమును గూర్చి వివరించితిమి. అవ్వ ఏమియు పలుకక కొంగుతో ముఖము తుడుచుకొని వెళ్లిపోయెను. నాలుగు ఆదివారములు ఆమె కూర్చుండు చోటు ఖాళీగా నుండెను. ఆ ధనవంతుడు తన వాకిట పడియున్నవానిని కానక సుఖపడినవాడు గదా! ఆ పాఠమును తెచ్చి ఈ అవ్వ భర్తకు తగిలించుట తగునా అని మాకు అప్పుడు తోచలేదు.

ఈ ప్రశ్న అవ్వ ఒక్కతెది కాదు. మూడవ శతాబ్దములో అలెగ్జాండ్రియాలో బోధించిన ఓరిగెను, దేవుడు కడకు సమస్తమును తన యొద్దకు మరల్చుకొనునని నిరీక్షించెను. నాల్గవ శతాబ్దములో నుస్సా గ్రెగొరీయు అట్లే తలంచెను. అగస్టీను దానిని గట్టిగా ఖండించెను. 543లో జస్టీనియను చక్రవర్తి ఓరిగెను బోధకు విరోధముగా శాసనము వెలువరించెను. 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణము 17వ అంశములో, శిక్షకు అంతముండునని బోధించు అనబాప్తిస్టులను దోషులుగా ఎంచినది. శంషాబాదు ప్రాంతమున మనకు సువార్త తెచ్చిన మెన్నొనైటు బ్రదరన్‌వారు ఆ అనబాప్తిస్టుల వంశమువారే. అనబాప్తిస్టులందరును అట్లు బోధింపలేదు గాని, వారిలో కొందరిపై ఆ నింద యుండెను.

ఇరుప్రక్కలవారును లేఖనములనే చూపుదురు. దేవుడు మనుష్యులందరి రక్షణను కోరుచున్నాడని పౌలు తిమోతికి వ్రాసెను. ఆదామునందు అందరికి కలిగిన మరణమునకు ఎదురుగా క్రీస్తునందు అందరికి కలుగు జీవమును 1 కొరింథీ 15:22లో నిలిపెను. అయితే గొఱ్ఱెలను మేకలను వేరుపరచు ఉపమానము చివర ప్రభువు శిక్షను గూర్చియు జీవమును గూర్చియు ఒకే విశేషణము వాడెను; గ్రీకులో అది "అయోనియోస్". శిక్ష విషయములో దానిని కుదించి, జీవము విషయములో పొడిగించుట మాకు న్యాయముగా కనబడలేదు. అందుచేత అందరును తప్పక రక్షింపబడుదురని మేము బోధింపజాలము. ప్రభువు ఇంత గంభీరముగా హెచ్చరించిన దానిని ఉత్త బెదిరింపు అని చెప్పుటకు మాకు అధికారము లేదు.

అయినను ఫలానావాడు నశించెనని చెప్పుటకు మాత్రము అధికారమెవరిచ్చిరి? 1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి పని యిచ్చెను. తెలుగు బోధకులు ఆ కూలీలకు సువార్త చెప్పిరి. కూటి కొరకు చేరిరను మాట రాకూడదని దొర ఏడాదికి పైగా ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. కరవు తగ్గిన తరువాత 1878 జూలై 3న వెలుంపిల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనము సంతోషముగా చెప్పుకొందుము. అయితే విని, నమ్మి, దొర ఆగుమనగా ఆగి, ఆ నడుమ ఆకలికో కలరాకో మరణించినవారుందురు గదా? వారి లెక్క మన పుస్తకములలో లేదు. దేవుని యొద్దను లేదని ఎవడు చెప్పగలడు?

అసలే విననివారి సంగతి యింకను కష్టము. అహమదునగరులో పనిచేసిన రాబర్ట్ హ్యూమ్ అను మిషనరీ 1886లో సెలవుపై అమెరికాకు వెళ్లినప్పుడు, ఈ లోకములో క్రీస్తును ఎరుగక చనిపోయినవారికి మరణానంతరము తరుణము దొరకవచ్చునను అభిప్రాయమును త్రోసివేయలేదు. అందుచేత అతనిని మరల హిందూదేశమునకు పంపుటకు అతని బోర్డువారు సందేహించిరి. పెద్ద వివాదము జరిగిన మీదట 1887లో పంపిరి. 1 పేతురు 3:19 ఆధారముగా అట్లు తలంచువారు నేటికిని కలరు. ఆ వాక్యము మిక్కిలి కష్టమైనది, దానిపై ఇల్లు కట్టుటకు మేము వెనుదీయుదుము.

ఇప్పుడు లూకా 13కు రండి. రక్షింపబడువారు తక్కువమందియా అని ఒకడు ప్రభువును అడిగెను. ఆయన లెక్క చెప్పలేదు. ఎక్కువమంది అనలేదు, తక్కువమంది అనలేదు. ఇరుకు ద్వారమున ప్రవేశించుటకు నీవు పోరాడుమని అడిగినవానివైపే ప్రశ్నను త్రిప్పెను. ఆ వెంటనే నాలుగు దిక్కులనుండి జనులు వచ్చి దేవుని రాజ్యములో పంక్తిని కూర్చుందురనెను. లోపలనున్నామని తలంచినవారు వెలుపల నుందురనియు, మనము లెక్కింపనివారు భోజనమునకు కూర్చుందురనియు చెప్పెను. సంఘపు రిజిష్టరు మా చేతిలో నున్నది గనుక, ఈ మాట మాకే మొదట తగులుచున్నది.

అయిదవ వారమున మేము అవ్వ యింటికి వెళ్లితిమి. వేపచెట్టు క్రింద మంచము వాల్చి కూర్చుండబెట్టినది. ఆమె భర్త ఎక్కడనున్నాడో మాకు తెలియదనియు, తీర్పు తీర్చువాడెవరో మాత్రము తెలియుననియు చెప్పి, సొదొమ కొరకు అబ్రాహాము బతిమాలిన ఆదికాండము 18వ అధ్యాయమును చదివితిమి. లోకమంతటి న్యాయాధిపతి అన్యాయము చేయడన్న నమ్మికతోనే అబ్రాహాము బేరమాడెనని వివరించితిమి.

"మరి ఆనాడు గట్లెందుకు చెప్తిరి, అయ్యగారూ?" అనెను.

తొందరపడి చెప్పితిమి, క్షమించుమంటిమి.

అవ్వ కొంతసేపు ఊరకుండి, "మా ఆయన సంగతి ఆయన చూస్కుంటడు లే. మనుమడున్నడు. విమానాల కాడ డ్యూటీ, ఆదివారం దొరకది. జర రాత్రిపూట వచ్చి వానికి చెప్తరా?" అని అడిగెను.

ఆ బుధవారము రాత్రి తొమ్మిది గంటలకు ఆ యింట లూకా సువార్త మొదటి అధ్యాయము మొదలుపెట్టితిమి. పిల్లవాడు సగములో కునికెను గాని, అవ్వ లేపి కూర్చుండబెట్టినది.